రాయి పడని గాజు

జనం పనిగట్టుకుని తిట్టుకునే మనుషులు కొందరుంటారు. తిట్టడానికి కూడా జనం బద్ధకించే మనుషులు ఇంకొందరుంటారు. ఎల్లారెడ్డిలో ఉండే సిద్దిరాములు ఈ రెండో గుంపులో మొదటి వరసలో కూర్చునే మనిషి. ఒకడి మీద రాయి వేయాలంటే వంగి రాయి తీసుకోవాలి, గురి చూడాలి, వేశాక పరుగెత్తాలి. సిద్దిరాములు కోసం అంత ఆయాసపడే శత్రువు కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా ప్రతి ఇంటి తలుపు తట్టినా దొరకడు. అయినా సరే, రాళ్లు పడతాయని భయపడి ఇంటి ముందు గాజుకు, పగిలినా ముక్కలు ఊడిపడనివ్వని ఫిలిం అంటించుకున్న మొనగాడు ఆ ఊళ్లో అతనొక్కడే.

అతని పుట్టుక నాగిరెడ్డిపేట దగ్గర, పోచారం ప్రాజెక్టు నీళ్లు పారే పొలాల మధ్య. ఇంట్లో అందరూ మడిలో దిగి నాట్లు వేస్తుంటే ఇతను గట్టు మీద చెప్పులతో నిలబడి "నేను చూస్తున్న, మీరు ఏయుండ్రి" అనేవాడట. మడిలో కాలు పెడితే ఇతనికి తుమ్ములు వచ్చేవి, ఆ తుమ్ములకు నాగిరెడ్డిపేట కొంగలన్నీ లేచి లింగంపేటకు పోయేవి. ఇలాంటి మనిషికి సర్కారు కొలువు కాక ఇంకేం వస్తుంది? కామారెడ్డిలో ఒక ఆఫీసులో అటెండరు పని దొరికింది.

ఆ ఆఫీసులో సారు గదికి నల్లగా మెరిసే గాజు తలుపు ఉండేది. ఆ తలుపు పక్కన ఒక స్టూలు. ఆ స్టూలు మీద సిద్దిరాములు. లోపల సారు నిద్రపోతున్నా, పల్లీలు తింటున్నా, అసలు ఊళ్లోనే లేకపోయినా, వచ్చినవాళ్లకు ఇతను చెప్పే మాట ఒకటే.

"సారు మీటింగ్ల ఉన్నడు. జర ఆగుండ్రి."

ఆ మాటకు రైతులు ఆగేవారు, ముసలమ్మలు ఆగేవారు, మీసాలున్న పటేళ్లు కూడా తలపాగా తీసి ఆగేవారు. సిద్దిరాములుకు అది చూసి చూసి ఒక సత్యం బోధపడింది. గాజు వెనక కూర్చున్నవాడు పెద్దవాడు, గాజు ముందు నిలబడ్డవాడు చిన్నవాడు. లోపలివాడికి బయటివాళ్లు కనపడాలి, బయటివాళ్లకు లోపలివాడు కనపడకూడదు. లోకంలో గొప్పతనమంటే ఇంతే. పొద్దస్తమానం ఆ గాజులో ఇతనికి తన ముఖమే కనపడేది. అంతకాలం చూస్తే ఎవరి ముఖమైనా వారికి విసుగు పుడుతుంది. ఇతనికి మాత్రం ముచ్చట పుట్టింది.

ఒక్క సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. సాయంత్రం ఐదు కొట్టీ కొట్టకముందే ఇతను తాళం వేసి ఎల్లారెడ్డి బస్సెక్కేవాడు. లైట్లు వెలిగే వేళ ఆ గాజు ఎలా ఉంటుందో అన్నేళ్ల కొలువులో ఒక్కనాడూ చూడలేదు.

ఆఫీసు బుద్ధి ఇంటికీ వచ్చింది. భార్య చంద్రవ్వ "ఉప్పు అయిపోయింది" అంటే "రేపు కనపడు" అనేవాడు. ఒకసారి చంద్రవ్వ తమ్ముడు లింగంపేట నుంచి మామిడిపండ్ల బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చాడు. ఇతను వాణ్ణి గడప బయటే నిలబెట్టి, ఖాళీ టేబులు సొరుగులో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకుని కూర్చున్నాడు. వెతికి వెతికి తల ఎత్తేసరికి బామ్మర్దీ లేడు, బుట్టా లేదు. ఆ పండ్లు పక్కింటివాళ్లు తిన్నారు. చంద్రవ్వ ఆ సంగతి ప్రతి ఎండాకాలం గుర్తుచేసేది.

పదవీ విరమణ నాడు ఆఫీసువాళ్లు శాలువా కప్పారు. ఆ శాలువా ఎంత పలచన అంటే, దాని గుండా చూసి పేపరు చదువుకోవచ్చు. మర్నాటి నుంచి ఆ ఆఫీసు నుంచి ఒక్క ఫోనూ రాలేదు. స్టూలు మీద ఇంకొకడు కూర్చున్నాడు, రైతులు వాడి ముందు ఆగారు. సిద్దిరాములు ముందు ఆగేవాడు ఎవడూ లేకుండా పోయాడు. కుక్కలు కూడా ఆగకుండా పోయేవి.

అప్పుడు మొదలైంది గాజు పిచ్చి. ఉన్న పెంకుటిల్లు ముందుభాగం పడగొట్టి, రోడ్డు వైపు గోడకు బదులు నేల నుంచి కప్పు దాకా గాజు పెట్టించి ఒక గది కట్టించాడు. తలుపూ గాజుదే. లోపల గుండ్రంగా తిరిగే కుర్చీ, ఒక టేబులు, టేబులు మీద ఒక గంట. ఆ గంట నొక్కితే చంద్రవ్వ రావాలని అతని ఆలోచన. మొదటి రోజు నొక్కాడు. చంద్రవ్వ వచ్చింది, చేతిలో ఉన్న వంకాయల గంప టేబులు మీద పెట్టింది.

"గంట గొడ్తె రానీకి నేను బర్రెనా? ఖాళీగ కూసున్నవు గద, గివి కొయ్యి."

కోశాడు. అక్కడే వచ్చింది చిక్కు. గది కట్టాడు గానీ గాజు సాదాది. లోపల వంకాయలు కోస్తుంటే రోడ్డు మీద పోయేవాళ్లందరికీ కనపడింది. కాలిగోళ్లు తీసుకుంటే కనపడింది, పొట్ట గోక్కుంటే కనపడింది. రోడ్డుకు అటువైపు సరిగ్గా ఎదురుగా భూమక్క మిర్చి బజ్జీల బండి. భూమక్క నోట్లో నువ్వుగింజ నానదు, నానినా అది మొలకెత్తి ఊరంతా పాకుతుంది. ఒకరోజు ఆమె బజ్జీలు తిప్పుతూ రోడ్డు అవతలి నుంచే అరిచింది.

"సిద్దన్నా, మీసానికి పచ్చడి అంటుకున్నది. పొద్దటిదా, నిన్నటిదా?"

బండి దగ్గరున్నవాళ్లంతా అతని మీసం వైపు తిరిగారు. లోపల కూర్చున్నవాడు పెద్దవాడు కావలసింది పోయి, బోనులో ఎలుగుబంటి అయ్యాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే వాడకట్టు, అంటే ఆ వీధి, పెద్దమనిషి రాజమల్లు మోకాళ్లు పట్టేసి, "ఇగ నాతోని గాదు" అన్నాడు. వాడకట్టు పెద్దమనిషంటే జీతం లేదు, జేబులో పడేదేమీ లేదు. పండుగలకు మొదటి కుర్చీ, మొగుడూ పెళ్లాల కొట్లాటలకు నడిమి కుర్చీ, పోలీసు ఠాణాకు పోతే నిలబెట్టకుండా వేసే కుర్చీ, అంతే. మొత్తం మీద కుర్చీయే. సిద్దిరాములుకు ప్రాణం లేచివచ్చింది. పెద్దమనిషి అయితే పంచాయతీలకు జనం తన గాజు గది ముందుకు రావాలి, బయట ఆగాలి, తను పిలిస్తే లోపలికి రావాలి. ఆ కుర్చీ రాకపోతే ఈ గదికి వంకాయలు తప్ప ఇంకేమీ రావని అతనికి లోపల్లోపల తెలుసు.

వాడకట్టులో రెండు పేర్లు వినపడ్డాయి. ఒకటి సిద్దిరాములు. ఆ పేరు చెప్పినవాడు సిద్దిరాములే. రెండోది యాకూబు. ఆ పేరు మిగతా అందరూ చెప్పారు.

యాకూబు బస్సు డ్రైవరుగా చేసి దిగిన మనిషి. అతని గొప్పంతా ఒక రాయిలో ఉంది. ఎప్పుడో ఏదో బంద్ నాడు లింగంపేట దాటాక ఎవడో రాయి విసిరితే బస్సు ముందు గాజు భళ్లున పగిలి ఒళ్లో పడిందట. యాకూబు బస్సు ఆపకుండా, గట్టిగా బ్రేకు కూడా తొక్కకుండా, ఒళ్లో గాజు ముక్కలతోనే అందరినీ ఎల్లారెడ్డి చేర్చాడట. మొదట్లో అది ఒక్క రాయే. ఏడాదికోసారి కొత్త రాయి చేరి, ఇప్పుడు చెప్పుకునేసరికి రాళ్లవాన అయింది. ఆ బస్సులో ఉన్నామని చెప్పుకునేవాళ్లందరూ నిజంగా ఎక్కి ఉంటే బస్సు కాదు, రైలు కూడా చాలదు. యాకూబు మాత్రం ఆ ఊసెత్తితే తల గోక్కుని "ఏముందిరా, పండ్ల మధ్యల ఇరికిన పల్లీ లెక్క నాలుగు రోజులు గాజు గుచ్చుకున్నది" అనేవాడు. ఆ మాటకు ఇంకా గౌరవం పెరిగేది.

సిద్దిరాములు కడుపు మండిపోయింది. "ఒక్క రాయికి గింత పేరా? అదే రాయి నా మీద పడితె తెలుస్తుండె." పడలేదు. అదే అతని బాధ. రాయి పడాలంటే ముందు రాళ్లకు సిద్ధంగా ఉన్నట్టు లోకానికి తెలియాలి కదా అనుకుని, కామారెడ్డి నుంచి కలీమ్‌ను పిలిపించాడు.

కలీమ్ గాజుకు ఫిలిం అంటించే మనిషి. కొన్నేళ్లు గల్ఫ్‌లో చేసి వచ్చాడు. అతని మాటలు నమ్మితే గల్ఫ్‌లో ఎండ తగ్గింది అతను అంటించిన ఫిలిం వల్లే. స్కూటరు మీద ఫిలిం చుట్టను ఫిరంగిలా నిలబెట్టుకుని వచ్చి దిగాడు, దిగుతూనే సంచిలోంచి పుస్తకమంత గాజుపలక తీశాడు.

"చూడుండ్రి సాబ్" అని నేల మీద పెట్టి సుత్తితో ఒక్కటి వేశాడు.

పలక మీద సాలెగూడులా గీతలు విచ్చుకున్నాయి. ఒక్క ముక్క ఊడలేదు.

"పగిలింది గద" అన్నాడు సిద్దిరాములు.

"పగిలింది సాబ్, పడలె. పగులుడు ఆపుడు నాతోని గాదు, ఆ పైనోనికే తెల్వాలె. పడుడు మాత్రం ఆపుత. ముక్కలన్ని ఫిలింకే పట్టుకోని ఉంటయి. దొంగ గుద్ది గుద్ది చేతులు నొప్పిపెట్టి ఇంటికి పోయి పండుకుంటడు."

"లోపల మనిషి కనవడొద్దు."

"గట్లయితె గీ రకం తీసుకోండ్రి. గదే తాకత్, బయటికెల్లి అద్దం లెక్క మెరుస్తది. పగటీలి బయటోనికి వాని మొఖమే కనవడ్తది, మీరు కనవడరు."

సిద్దిరాములు కళ్లలో నీళ్లు తిరిగినంత పనైంది. అదే ఆఫీసు గాజు. అదే మెరుపు.

కలీమ్ గాజు మీద సబ్బునీళ్లు చల్లి, ఫిలిం పరిచి, రబ్బరు పట్టీతో నీళ్లు బయటికి లాగడం మొదలుపెట్టాడు. సిద్దిరాములు వెనక చేతులు కట్టుకుని, చిన్నప్పుడు గట్టు మీద నిలబడ్డట్టే నిలబడి "జర పైకి, జర కిందికి, గట్ల గాదు" అంటూ నస పెట్టాడు. కలీమ్ అంటించిన గాజు అద్దంలా వచ్చింది గానీ, కింద ఒక మూలన బొబ్బ మిగిలింది. ఆ బొబ్బ కలీమ్ కావాలనే వదిలాడని భూమక్క అంటుంది. భూమక్క మాటల్లో కారమెంతో పిండెంతో తేల్చడం కష్టం.

పోయేముందు కలీమ్ చెప్పాల్సిన మాట చెప్పాడు.

"సాబ్, ఒకటి యాదికుంచుకోండ్రి. పొద్దుమీకి లోపల లైటేస్తె గిది ఉల్టా అయితది. బయట చీకటి, లోపల ఎలుగు ఉన్నదనుకోండ్రి, బయటోళ్లకు మీరు సాఫ్‌గ కనవడ్తరు. మీకు మాత్రం మీ మొఖమే కనవడ్తది. పర్దా కట్టుకోండ్రి."

"కలీమ్, కొలువంత గీ గ్లాసు ముంగట్నే కూసున్న. నువ్వు నాకు నేర్పుతవా?"

"లైట్లేసినంక చూసిండ్రా సాబ్?"

"లైట్లేసేదాంక ఉండనీకి నేనేమన్న వాచ్‌మన్‌నా? పర్దాలు చిన్నోళ్లకు. పెద్దోళ్లకు గ్లాసు చాలు."

చెప్పినా వినని మనిషికి రెండోసారి చెప్పడం గల్ఫ్‌లో కూడా నేర్పరు. కలీమ్ చుట్ట భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి పగటిపూట ఆ గాజు వాడకట్టుకు పెద్ద అద్దమైపోయింది. ఆడవాళ్లు బొట్టు దిద్దుకునేవారు, కుర్రాళ్లు జుట్టు దువ్వుకునేవారు, ఒకాయన నోరు తెరిచి పుచ్చిపన్ను చూసుకుని పోయాడు. లోపల సిద్దిరాములు కుర్చీలో తిరుగుతూ అందరినీ చూసి మురిసిపోయేవాడు. వాళ్లంతా తన ముందు ఆగుతున్నారు. ఆగుతున్నది తమ ముఖాల కోసమన్న ముక్క అతని బుర్రలోకి పోలేదు, పోయే దారీ లేదు.

ఒకనాడు కోతి వచ్చింది. ఒక గండుకోతి గాజులో ఇంకో గండుకోతిని చూసి పండ్లు ఇకిలించింది. అదీ ఇకిలించింది. ఇది చెంప మీద కొట్టింది. అదీ కొట్టింది. కోతి పొద్దుటి నుంచి పగటి భోజనం దాకా తనతో తాను కొట్లాడి, అలిసి, ఓడిపోయి వెళ్లింది. సిద్దిరాములు గుండెలు పొంగాయి. రోడ్డు దాటి భూమక్క దగ్గరికి వెళ్లాడు.

"చూసినవా భూమక్కా, నా మీద దాడులు షురూ అయినయి."

"కోతి గదనే అన్నా."

"ముందుగాల కోతులనే పంపుతరు."

భూమక్క బజ్జీని నూనెలోకి వదిలి, నవ్వును కొంగులోకి వదిలింది.

ఇక సాయంత్రాల సంగతి. చీకటి పడగానే సిద్దిరాములు గదిలో ట్యూబులైట్లు వేసేవాడు. గాజు వైపు చూస్తే నిలువెత్తు తనే కనపడేవాడు. బయట ఏమీ కనపడేది కాదు. తనకు బయట కనపడటం లేదంటే బయటివాళ్లకూ తను కనపడనని అతని లెక్క. ఇంక మొదలు. బనియను మీద ఆ పలచని శాలువా కప్పుకుని, గాజులోని తన ముఖానికి దండం పెట్టి, పెద్దమనిషిగా తీర్పులు చెప్పేవాడు. ఒక చేయి ఎత్తి మొగుణ్ణి గద్దించేవాడు, రెండో చేయి ఎత్తి పెళ్లాన్ని ఓదార్చేవాడు. ఖాళీ కుర్చీని "కూసో" అని సైగ చేసి, మళ్లీ "లే" అని లేపేవాడు. తన మెడలో తనే దండ వేసుకుని, వద్దు వద్దని తనే తీసేసేవాడు.

రోడ్డు అవతల వాడకట్టంతా బజ్జీలు నములుతూ చూసేది. మాట వినపడదు, బొమ్మ మాత్రం కడిగిన పళ్లెంలా కనపడుతుంది. భూమక్క బెంచీలన్నీ ఇటువైపు తిప్పేసింది. ఎప్పుడూ పొద్దుపోయేదాకా మిగిలే పిండి చీకటి పడ్డ కాసేపటికే అయిపోవడం మొదలైంది. ఇంత లాభం చూశాక ఆమె ఎందుకు చెబుతుంది? తినేవాళ్లు మాత్రం ఎందుకు చెబుతారు? చెబితే ఆట ఆగిపోతుంది. వాడకట్టులో అందరూ ఎదుటివాడి మంచి కోరేవాళ్లే, బజ్జీలు అయిపోయాక.

చెప్పింది చంద్రవ్వ ఒక్కతే. ఒకనాడు పచ్చిమిర్చి కోసం రోడ్డు దాటిన ఆమెకు వెనక్కి తిరగగానే మొగుడి నాటకం మొత్తం కనపడింది. గబగబా ఇంట్లోకి వచ్చింది.

"ఏమయ్యా, నువ్వు బయటికి కనవడ్తున్నవు. శాలువా, దండ, అన్ని కనవడ్తున్నయి."

"లోపటికెల్లి బయట కనవడ్తలేదు. మరి బయటికెల్లి లోపల ఎట్ల కనవడ్తది? తెలివి తక్కువ మాటలు."

"రోడ్డు మీదికొచ్చి నువ్వే చూడు."

"పెద్దోళ్లు పొద్దుమీకినంక రోడ్డు మీదికి రారు."

చంద్రవ్వ వంటింటి గుమ్మానికి తన పాత చీర ఒకటి అడ్డంగా కట్టుకుంది. తను కనపడకపోతే చాలనుకుంది. అంతకంటే ఆ సంసారంలో ఆమె కోరుకున్నదీ ఏమీ లేదు.

ఆదివారం సాయంత్రం పెద్దమనిషిని ఎన్నుకుందామని వాడకట్టులో అనుకున్నారు. శనివారం నాటికి సిద్దిరాములు పేరు చెప్పేవాళ్ల సంఖ్య ఒకటి నుంచి పెరగలేదు. అతనికి గాబరా పుట్టింది. యాకూబుకు రాయి ఉంది, తనకు లేదు. ఎవరైనా తాగుబోతుకు చెప్పి వేయిద్దామా అనుకున్నాడు. తాగుబోతు నోరు ఆగదు. బయట నిలబడి తనే వేసుకుందామా అనుకున్నాడు. రోడ్డంతా చూస్తుంది. చివరికి ఒక మహా తెలివి తట్టింది. లోపలి నుంచి కొడితే ఎవడు చూస్తాడు? ఈ గాజు ఉన్నదే అందుకు కదా.

మధ్యాహ్నమే పిడికిలికి కాస్త పెద్ద రాయి ఒకటి ఏరి, కడిగి, బయట గాజు కింద పూలకుండీ పక్కన పెట్టి వచ్చాడు. దాడి చేసే రాయిని కడిగిన మనిషి లోకంలో ఇతనే. చీకటి పడ్డాక గదిలో లైట్లన్నీ వేశాడు, పగులు ఎలా వస్తుందో బాగా కనపడాలని. వంటింట్లోంచి రుబ్బురోలు పొత్రం ఎత్తుకొచ్చాడు.

రోడ్డు అవతల భూమక్క బండి దగ్గర నములుతున్న దవడలన్నీ ఒక్కసారి ఆగాయి.

"ఇయ్యాల కొత్త ఆట ఉన్నట్టుంది" అన్నాడు ట్రాక్టర్లు బాగుచేసే భీమేష్.

"సప్పుడు జెయ్యకు" అంది భూమక్క.

లోపల సిద్దిరాములు గాజులో తన ముఖాన్ని తనే కోపంగా చూసుకుని, పొత్రం ఎత్తి గుద్దాడు. గాజు చిట్లలేదు. పొత్రం చేయి జారి బొటనవేలి మీద పడింది. ఒంటికాలి మీద గది చుట్టూ మూడు చుట్లు గెంతాడు. మళ్లీ ఎత్తి, పండ్లు బిగించి, అప్పుడు కోతి కొట్టిన చోటే కొట్టాడు. ఈసారి ఒక పలక మీద సాలెగూడు విచ్చుకుంది. ముక్కొక్కటీ ఊడలేదు. కలీమ్ అబద్ధాలకోరే గానీ అతని ఫిలిం అబద్ధం ఆడలేదు.

సిద్దిరాములు పొత్రం దాచి, లైట్లు ఆర్పేశాడు, భయపడ్డట్టు ఉంటుందని. చీకట్లో కుంటుతూ బయటికి వచ్చి రెండు చేతులూ పైకెత్తాడు.

"రాయేసిండ్రు. నా మీద రాయేసిండ్రు."

బజ్జీలు కింద పెట్టి అందరూ వచ్చారు. అంతమంది ముఖాలు అంత బిగించుకుని నిలబడటం ఎల్లారెడ్డి చరిత్రలో చావు ఇంటి దగ్గర కూడా జరగలేదు. ఫోన్ల లైట్లు వేసి పగులు చూశారు, కడిగిన రాయి చూశారు.

"ఎవరే అన్నా?" అంది భూమక్క.

"మొఖాలు కనవడలె. బండి మీదొచ్చిండ్రు. ముగ్గురు."

"ఏ బండి?" అన్నాడు భీమేష్.

"నల్లది."

"మేమంత గీడనే ఉంటిమి. బండి సప్పుడు ఇనవడలె."

"సప్పుడు జెయ్యని బండి."

"కరెంటు బండి కావచ్చు" అని భీమేష్ అటు తిరిగి దగ్గాడు. ఆ దగ్గు చాలాసేపు ఆగలేదు.

యాకూబు కూడా వచ్చాడు. అతను గాజు వంక చూడలేదు, సిద్దిరాములు కాలి వంక చూశాడు.

"బొటనవేలు వాచినట్టుంది. మందు రాస్కో."

"రాయి తగిలింది."

"అవునా" అన్నాడు యాకూబు.

సిద్దిరాములుకు ఆ ఒక్క మాట ఈర్ష్యలా కనపడింది. ఇప్పుడు తనకూ రాయి ఉంది. ఊపు మీద ఒక మాట అనేశాడు.

"రేపటి మీటింగు గీడనే పెట్టుకుందాం. నా గదిల. దాడి జరిగిన జాగ అందరు చూడాలె."

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇన్నాళ్లూ ఆట బయటి నుంచే చూశారు, లోపలి నుంచి రంగస్థలం ఎలా ఉంటుందో చూడాలని అందరికీ ఉంది. "గట్లనే కానీ" అన్నారు.

ఆదివారం పొద్దుమీకే వేళకు గాజు గది నిండింది. భూమక్క బండి మూసి మరీ వచ్చింది. చంద్రవ్వ చీర పర్దా తీసి చాయ్ పెట్టింది. సిద్దిరాములు బొటనవేలికి గుమ్మడికాయంత గుడ్డ చుట్టుకుని, శాలువా కప్పుకుని, తిరిగే కుర్చీలో కూర్చుని శత్రువుల గురించి చెప్పాడు. నిన్నటి ముగ్గురు ఇవాళ ఐదుగురయ్యారు. జనం తల ఊపారు. చీకటి పడింది, చంద్రవ్వ లైట్లు వేసింది. గాజులో అందరికీ తమ తమ ముఖాలే కనపడ్డాయి, సర్దుకుని కూర్చున్నారు.

రాజమల్లు ఇంకా రాలేదు. పాత పెద్దమనిషి ముందుంటేనే కొత్త పెద్దమనిషిని అనుకోవడం ఆ వాడకట్టు పద్ధతి. బయట ఆగిన ఆటో దీపం గాజు మీద పడింది. వచ్చిన పెద్దమనిషికి తనే ఎదురెళ్లి చేయి పట్టుకుని తీసుకొస్తే ఎంత బాగుంటుందని, సిద్దిరాములు లేచి తలుపు తీసుకుని బయటికి వచ్చి, మళ్లీ మూశాడు.

రాజమల్లు ఆటో దిగడానికి అవస్థ పడుతున్నాడు. సిద్దిరాములు అతనికి చేయి ఇచ్చి దింపి, ఇంటి వైపు తిరిగాడు.

తిరిగినవాడు అలాగే నిలబడిపోయాడు.

గది మొత్తం కనపడుతోంది. పగిలిన పలక ఒక్కటే మసకగా ఉంది, మిగతా గాజంతా అసలు లేనట్టే ఉంది. చంద్రవ్వ చాయ్ కప్పులు అందిస్తోంది, కప్పు మీద పువ్వు కూడా కనపడుతోంది. భీమేష్ లేచి గది మధ్యలోకి వచ్చాడు. వంటింటి గుమ్మం పక్కన దాచి ఉన్న పొత్రం ఎత్తుకున్నాడు. గాజులోకి కోపంగా చూశాడు, గుద్దినట్టు చేశాడు, తర్వాత బొటనవేలు పట్టుకుని ఒంటికాలి మీద గది చుట్టూ గెంతాడు. సరిగ్గా మూడు చుట్లు. భూమక్క కొంగు నోట్లో కుక్కుకుని కుర్చీలోంచి జారిపోయింది. చప్పుడు మాత్రం బయటికి ఒక్క ముక్క రావడం లేదు. చంద్రవ్వ కూడా నవ్వుతోంది. పెళ్లయిన నాటి నుంచి ఆమె పండ్లన్నీ ఒకేసారి చూడటం సిద్దిరాములుకు అదే మొదలు.

"మంచిగ కనవడ్తుందిరా సిద్దిరాములూ" అన్నాడు రాజమల్లు మోకాళ్లు పట్టుకుని.

సిద్దిరాములు గాజు మీంచి కళ్లు తిప్పకుండానే అడిగాడు.

"రోజు గిట్లనే కనవడ్తదా బాపు?"

"పొద్దుమీకితె రోజు కనవడ్తది. నేను గూడ రెండుసార్లు బజ్జీలు తినుకుంట చూసిన. దండ ఏసుకునే దగ్గర మస్తు చేస్తవు నువ్వు."

లోపల నవ్వులు సద్దుమణిగాయి. రాజమల్లు కోసం ఆగే ఓపిక కూడా వాళ్లకు పోయినట్టుంది. ఎవరో తిరిగే కుర్చీని యాకూబు వైపు తోశారు. యాకూబు రెండు చేతులూ అడ్డం పెట్టి వద్దన్నాడు. భూమక్క భుజాలు పట్టి కూలేసింది. కుర్చీ అతన్ని మోసుకుని ఒక చుట్టు తిరిగింది. అందరూ చేతులు కొట్టారు. ఆ చప్పుడూ బయటికి రాలేదు.

లోపలివాళ్లలో ఒక్కరికీ బయట ఉన్న సిద్దిరాములు కనపడటం లేదు. ఒకరిద్దరు ఇటువైపే చూస్తున్నారు, చూసి జుట్టు సర్దుకుంటున్నారు. గాజు వెనక పెద్దవాళ్లు, గాజు ముందు సిద్దిరాములు. ఇంత ఖర్చుపెట్టి గది కట్టి, ఫిలిం అంటించి, చివరికి మళ్లీ పాత చోటికే వచ్చి నిలబడ్డాడు.

"షురూ జేసిండ్రు గద లోపల" అన్నాడు రాజమల్లు. "నన్ను లోపటికి తీస్కపో."

సిద్దిరాములు ఒక అడుగు ముందుకు వేశాడు. తలుపు పిడి మీద చేయి పెట్టాడు. ఆ గదిలోకి పోయి ఎవరి ముఖం చూడాలి? చేయి వెనక్కి తీసుకున్నాడు. రోడ్డు అవతల మూసేసిన బండి పక్కనున్న భూమక్క స్టూలు తెచ్చి, తలుపు పక్కన గాజుకు ఆనించి వేశాడు. రాజమల్లు కూర్చోబోయాడు. అంతలోనే సిద్దిరాములు తనే కూర్చున్నాడు, వెన్ను నిటారుగా పెట్టి, శాలువా సర్దుకుని. గొంతు దానంతట అదే సర్దుకుంది.

"మీటింగ్ నడుస్తున్నది" అన్నాడు. "జర ఆగుండ్రి."

మోకాళ్ల నొప్పితో రాజమల్లు నిలబడే ఆగాడు.